వెన్ను మీద మూడు తొక్కులు

అర్పిత ఎదురుకాళ్ళతో పుట్టింది. తల ముందుగా రావలసిన చోట పాదాలు ముందుగా వచ్చాయి. రాయల్పాడులో ఆమెను నేల మీదకు తెచ్చిన మంత్రసాని బొడ్డు కోయకముందే ఆ వార్తను గడప బయటి వారికి చేరవేసింది. అలా పుట్టిన బిడ్డ పాదానికి నడుము పట్టు తీసే గుణం ఉంటుందని ఆ చుట్టుపక్కల తరతరాల నమ్మకం. రాగుల మూట ఎత్తబోయి నడుము పట్టుకున్నవారు, పాల క్యాను దించబోయి బెణికినవారు మంగళవారం గానీ ఆదివారం గానీ తెల్లవారగానే వచ్చి గడపకు అడ్డంగా బోర్లా పడుకుంటారు. బిడ్డ మంచినీళ్ళు కూడా ముట్టకుండా వచ్చి, ఎడమ కాలితో మూడుసార్లు ఆ నడుము మీద తొక్కాలి. తొక్కేటప్పుడు చూపు ఎదుటి గోడ మీదే ఉండాలి. పడుకున్న మనిషి వైపు చూడరాదు, అతనితో మాట్లాడరాదు. తొక్కడం కాగానే వెనుదిరగకుండా లోపలికి నడిచిపోవాలి.

నాలుగో ఏటి నుంచి పదకొండో ఏటి వరకు అర్పిత ఈ పని చేసింది. బడిలో హాజరు పిలిచేటప్పుడు తప్ప ఆ పేరు ఊళ్ళో వినిపించేది కాదు. అందరికీ ఆమె తొక్కుడు పాప. పక్క ఊళ్ళ నుంచి టీవీఎస్ బండ్ల మీద నడుము పట్టుకుని వచ్చేవారు, వస్తూ బెల్లపు అచ్చో అరటిపళ్ళ చీపో తెచ్చేవారు. ఆమె లోపలికి వెళ్ళిపోయాక, ఆ మనిషి లేచి నడుము అటూ ఇటూ తిప్పి, "పోయిందప్పా! యాడికి పోయిందో ఎతుక్కోవాల" అని నవ్వడం గోడ అవతల నుంచి వినిపించేది. తండ్రి ఓబలప్ప పక్కనే కూర్చుని, ఆ నవ్వు తనకే చెందినట్టు మీసం సవరించుకునేవాడు. "డాక్టరు సూది మూడు దినాలకి పనిచేస్తాది. నా బిడ్డ కాలు మూడు తొక్కులకే," అనేవాడు.

ఆమెకు పదకొండేళ్ళప్పుడు, బాదామి మామిడికాయల కోత సాగుతున్న ఒక మంగళవారం పొద్దున, ఓబలప్ప కాయలు కోసే చిక్కం గడతో సహా చెట్టు కొమ్మ మీది నుంచి జారి పిరుదుల మీద పడ్డాడు. కోతకు వచ్చినవారు అతన్ని నులక మంచం మీద వేసుకుని ఇంటికి మోసుకొచ్చారు. కోలారు ఆస్పత్రికి జీపు మాట్లాడదామని ఒకరన్నారు. ఓబలప్ప ఆ నొప్పిలోనే, "ఊరందరి నడుములూ సరిచేసే పాప ఇంట్లో ఉండంగా నాకు ఆస్పత్రి యాలప్పా?" అన్నాడు. మంచం మీది నుంచి దించి గడప దగ్గర బోర్లా పడుకోబెట్టారు. అర్పితను పిలిచారు.

ఆమె గోడ వైపు చూస్తూ తొక్కింది. మొదటి రెండూ ఎప్పటిలా మెల్లగానే పడ్డాయి. మూడోసారి మాత్రం ఒంటి బరువంతా ఆ కాలి మీద వేసి నిలబడింది. మడమ కింద ఏదో కదిలినట్టు, నానిన చాప మడత విరిగినట్టు తోచింది. నియమం ప్రకారం వెనుదిరగకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రానికి ఓబలప్ప కాళ్ళు ఆయన మాట వినడం మానేశాయి. మర్నాడు ఆస్పత్రిలో నరం తెగిందన్నారు. ఎప్పుడు తెగిందని ఎవరూ అడగలేదు.

అర్పితను ఎవరూ తప్పు పట్టలేదు. మళ్ళీ ఎవరూ పిలవనూ లేదు. నడుము పట్టుకున్నవారు ఆ ఇంటి ముందు నుంచే మదనపల్లి బస్సెక్కి వెళ్ళేవారు. ఓబలప్ప మాత్రం అడిగినవారికీ అడగనివారికీ ఒకే మాట చెప్పేవాడు: "చెట్టు మీంచి పడితిని, ఎన్ను ఇరిగింది. అంతే." ఆ మాట ఎంత తరచుగా చెప్పేవాడో, కూతురు దాన్ని అంత తక్కువగా నమ్మేది. తండ్రిని పడగొట్టింది చెట్టా, తన కాలా? ఈ ప్రశ్న పదకొండో ఏట ఆమె వెంట పడి ఇరవై ఏడో ఏటి వరకు విడవలేదు. చదువూ కొలువూ దాని వెనకే నడిచాయని ఆమెకు చాలా ఆలస్యంగా తెలిసింది.

*

కోలారు పక్కనున్న తమకలో వెన్నెముకకు బిగించే స్క్రూలను, కడ్డీలను తయారుచేసే చిన్న కర్మాగారం ఒకటి ఉంది. మెకానికల్ ఇంజనీరింగ్ ముగించి అర్పిత అక్కడి డిజైన్ విభాగంలో చేరింది. విభాగమంటే ఆమె, ఒక కంప్యూటరు. స్క్రూ ఎంత బరువుకు విరుగుతుందో చూసే యంత్రం వారి దగ్గర ఉంది; ఆ స్క్రూ బిగించిన వెన్ను ఎలా వంగుతుందో, ఎక్కడ వదులవుతుందో చూసే యంత్రం లేదు. ప్రతి నమూనానూ బెంగళూరుకు పంపి నెలల తరబడి ఎదురుచూసి విసిగిన యజమాని, అలాంటిదొకటి మనమే కట్టుకుందామని ఆ పనిని అర్పితకు అప్పగించాడు. వారానికి రెండు రోజులు సలహా కోసం వచ్చే ఎముకల డాక్టరు శ్రీరక్ష ఆమెకు తోడు.

పని పైకి కనిపించినంత సులువు కాదు. వెన్ను తలుపు బందులా ఒక్కచోట వంగదు. వంపును ప్రతి కీలూ కొంత కొంత పంచుకుంటుంది. ఒక కీలు దెబ్బతింటే దాని వాటా పక్క కీళ్ళు మోస్తాయి. ఆ పంపకమే తెలుసుకోవలసినది. రెండు చివరలూ బిగించి యంత్రమే వంచితే, తెలిసేది యంత్రం వంపే తప్ప వెన్ను వంపు కాదు. అందువల్ల చివరల మీద వంచే బలం మాత్రమే పడాలి. ఎక్కడ వంగాలన్నది వెన్నుకే వదిలేయాలి. కాగితం మీద ఇది ఆరు నెలలు పట్టింది. చేతల్లోకి వచ్చేసరికి, కప్పీల మీదుగా చివరలను వంచే తీగ తాళ్ళు ఏటవాలై, వంచవలసిన చోట పక్కకు లాగసాగాయి.

ఆ చిక్కును విప్పినవాడు రాబర్ట్‌సన్‌పేటలో లేతు పట్టే అరుళ్‌దాస్. బంగారు గని నడిచిన కాలంలో, మనుషుల కేజ్‌ను లోపలికి దించి పైకి లాగే వైండింగ్ ఇంజన్ల దగ్గర పద్దెనిమిదేళ్ళు ఫిట్టరుగా చేశాడు. గని మూతపడ్డాక ఇంటి ముందు రేకుల షెడ్డు వేసుకుని బోరు మోటార్ల భాగాలు చేస్తున్నాడు. అర్పిత తెచ్చిన చట్రాన్ని ఆయన ఒక పూటంతా తిప్పి తిప్పి చూశాడు.

"ఈ తాడు యాలమ్మా వాలిపోతా ఉండాది?"

"ఎన్ను వంగితే దాని కొన జరుగుతాది అన్నా. కొన జరిగితే తాడూ వాలుతాది."

"కప్పీని కదలకుండా కట్టేసి, తాడుని సరిగ్గా ఉండమంటే ఎట్ల ఉంటాది? పెండ్లాన్ని ఇంట్లో కట్టేసి, సంతకు పోలేదేమని అడిగినట్టుండాది." ఆయన నవ్వి, మళ్ళీ వంగి చూశాడు. "కప్పీని జరగనీ. షాఫ్టులో మా కేజ్ తాడు గోడకి తగలరాదు. తగిలిందంటే ఇంగ అది వైండర్ మాట యినదమ్మా, గోడ మాట యింటాది."

కప్పీలను సన్నని పట్టాల మీద కూర్చోబెట్టాడు. వెన్ను ఎటు జరిగితే అవీ అటు జరిగేవి. తాళ్ళు ఎప్పుడూ సమాంతరంగా నిలిచేవి. యంత్రం మొదటిసారి నిజం చెప్పడం మొదలుపెట్టింది.

అది జరిగిన వారానికి అర్పిత మరొక డ్రాయింగు తెచ్చి ఆయన ముందు పరిచింది. యజమాని అడిగిన జాబితాలో లేని భాగం అది: నిలువుగా దిగే కడ్డీ, దాని కొనకు చెక్కతో చేసి రబ్బరు తొడిగిన చిన్న దిమ్మె. అరుళ్‌దాస్ కొలతలు చదివి కళ్ళద్దాలు నుదుటి మీదకు నెట్టుకున్నాడు.

"ఇది పాదం మాదిరి ఉండాదే. చిన్నబిడ్డది."

"పదకొండేండ్లది," అంది అర్పిత.

ఎందుకని ఆయన అడగకపోవడంతో ఆమే చెప్పింది. తనదని చెప్పలేదు, మా ఊళ్ళో ఇలాంటి ఆనవాయితీ ఉంది, పడినవాళ్ళను కూడా తొక్కిస్తారు అని మాత్రం చెప్పింది. అరుళ్‌దాస్ లేతు ఆపేశాడు.

"అయ్యయ్యో సామీ! గని లోపల నడుం దెబ్బ తగిలినోణ్ణి మేము పలక మీద కట్టేస్తామమ్మా. తలా కాళ్ళూ అన్నీ కట్టేస్తాం. పైకొచ్చి ఆస్పత్రి చేరేదాకా కట్టు ఇప్పేది లేదు, వాడు ఎంత అరిచినా సరే. చదువు రాని బండ కొట్టేవాడికి గూడా ఆ రూలు తెలుసు."

రాబర్ట్‌సన్‌పేటకూ రాయల్పాడుకూ మధ్య డెబ్భై ఎనభై కిలోమీటర్లు. ఇక్కడ గనిలో దిగే ప్రతివాడికీ తెలిసిన సంగతి అక్కడ మామిడి చెట్టెక్కే ఒక్కరికీ తెలియలేదు. తిరుగు బస్సులో అర్పిత ఆ దూరాన్నే తలచుకుంటూ కూర్చుంది. అరుళ్‌దాస్ చేసిచ్చిన చెక్క పాదం సంచిలో ఉంది. దాని అంచులను, ఎవరి ఒంటికైనా గుచ్చుకుంటుందేమో అన్నట్టు, ఆయన గరుకు కాగితంతో నున్నగా రుద్ది ఇచ్చాడు.

*

పరీక్షకు గొర్రె వెన్నులు కావాలి. క్యాసంబళ్ళిలో మాంసం కొట్టే ఆవులప్ప వాటిని ఇచ్చేవాడు. మామూలుగా గొర్రెను నడిమికి నిలువుగా చీలుస్తారు. అలా చీలిస్తే వెన్ను పనికిరాదు. అందుకే ఆదివారం పొద్దున్నే వెళ్ళి, కత్తి పడకముందే ఆమె కొట్టు ముందు నిలబడవలసి వచ్చేది.

"వచ్చిందప్పా ఎన్నెముకమ్మ!" అని ఆవులప్ప కత్తి పక్కన పెట్టేవాడు. "తొడ వద్దు, కైమా వద్దు, లివరు వద్దు. ఎముకే కావాలంటావు. ఇంట్లో ఎన్ని కుక్కలు సాకినావమ్మా?"

"ఒకటే అన్నా. దానికి ఎంత ఏసినా కడుపు నిండదు," అంది ఆమె ఒకసారి.

తొమ్మిది వారాల్లో తొమ్మిది వెన్నులు. ప్రతిదాన్నీ ఉప్పునీటి గుడ్డలో చుట్టి ఎండిపోకుండా కాపాడింది. రెండు కొసలనూ పళ్ళ డాక్టర్లు వాడే సిమెంటులో నిలబెట్టింది. వెన్నుపాము ఉండే కాలువలో దానికి బదులుగా నీళ్ళు నింపిన సన్నని రబ్బరు గొట్టం దూర్చింది; గొట్టం నొక్కుకుంటే చివరనున్న మీటరు ముల్లు లేస్తుంది. ముందు బరువును జారవిడిచి నడిమి ఎముకను నలగ్గొట్టింది. అది చెట్టు మీది నుంచి పడడం. తరువాత వెన్నును బోర్లా పడుకోబెట్టి చెక్క పాదాన్ని మూడుసార్లు దించింది: రెండుసార్లు తేలికగా, మూడోసారి పదకొండేళ్ళ పిల్ల పూర్తి బరువుతో. గొర్రె ఎముకకూ మనిషి ఎముకకూ ఉన్న తేడాను ముందే లెక్కగట్టి బరువులు సరిచేసుకుంది. ప్రతి అంకెనూ రెండుసార్లు రాసుకుంది.

తొమ్మిదింటిలో రెండు వెన్నులలో ఎముక నలిగిన క్షణంలోనే గొట్టం మూసుకుపోయింది. మిగిలిన ఏడింటిలో ఎముక నలిగింది గానీ కాలువ తెరిచే ఉంది. మొదటి తొక్కూ రెండో తొక్కూ దాన్ని మూయలేకపోయాయి. మూడోదానికి, ఏడింటిలోనూ, నలిగిన ముక్క జారి గొట్టాన్ని అదిమేసింది. ముల్లు లేచి అక్కడే నిలిచిపోయింది.

శ్రీరక్ష ఆ పట్టికను చాలాసేపు చూసింది. "ఇది మనం పేపరుగా రాయాలి. ఇలాంటి కేసులు నా దగ్గరికి ఏటా వస్తాయి. నువ్వు ఏ కేసు చూసి మొదలుపెట్టావు?"

"మా ఊళ్ళో ఒకాయనది మేడం. ఆయన ఆ ఏడింటిలోవాడా, రెండింటిలోవాడా అని ఎట్లా తెలుసుకోవడం?"

"యంత్రం చెప్పలేదు. మనిషే చెప్పాలి. పడిన తరువాత, తొక్కకముందు, కాళ్ళు కదిలాయా? కదిలుంటే నరం అప్పటికి బాగున్నట్టే. లేదంటే చెట్టు కిందనే పోయినట్టు. అంతే, ఒక్క ప్రశ్న." శ్రీరక్ష తల ఎత్తింది. "ఆ మనిషి ఉన్నాడా?"

"ఉన్నాడు. మా నాయన."

తొక్కినదెవరని శ్రీరక్ష అడగలేదు. పట్టిక మీద ఉన్న పదకొండేళ్ళ బరువు వైపు చూసి, కాగితాన్ని బోర్లించింది.

"అడగకుండా ఉండొచ్చు కదే, అర్పితా."

"పదహారేళ్ళు అడగకుండానే ఉన్నాను మేడం."

ఆమెకు తెలియకపోవడానికి కారణం ఆ నియమమే. ఆమె గోడ వైపు చూసింది. తొక్కకముందు తండ్రి కాళ్ళు ఎలా ఉన్నాయో ఆ ఇంట్లో చూడనిది ఆమె ఒక్కతే.

*

ఆషాఢంలో ఒక ఆదివారం ఆమె రాయల్పాడు చేరేసరికి ఓబలప్ప వసారాలో, చక్రాలు బిగించిన పలక మీద కూర్చుని మామిడి మొలకలకు అంటు కడుతున్నాడు. కాళ్ళు పోయాక చేతులకు నేర్పుకున్న పని అది. శ్రీనివాసపురం నర్సరీ వాళ్ళు మొలకలు తెచ్చి దించి, అంట్లు తీసుకుపోతారు. తల్లి చిన్నవెంకటమ్మ డెయిరీలో పాలు పోయడానికి వెళ్ళింది.

"బస్సులో సీటు దొరికిందా? తిన్నావా?" అని అడిగాడు. కూతురి కొలువు గురించి ఆయన ఎప్పుడూ ఇవి రెండే అడిగేవాడు. ఆమె వెన్నుల యంత్రం పని చేపట్టిందని తెలిసినప్పుడు మాత్రం, "ఎముకల పని నీకు యాల? బండ్ల కంపెనీలో చేరు తల్లీ," అన్నాడు. అది కూతురు అలసిపోతుందన్న జాలి అనుకుని ఆమె నవ్వేసింది.

పలక పక్కన నేల మీద కూర్చుంది. బస్సులో నూరుసార్లు పేర్చుకున్న మాటలు ఒక్కటీ మిగల్లేదు.

"నాయనా, ఒకటి అడగతాను. ఆ పొద్దు చెట్టు మీంచి పడినాక, నేను తొక్కకముందర... నీ కాళ్ళు కదిలినాయా?"

ఓబలప్ప కత్తితో కొమ్మను ఏటవాలుగా చెక్కుతున్నాడు. చెక్కడం ఆపలేదు.

"లేదు."

"గుర్తు తెచ్చుకుని చెప్పు."

"గుర్తేముండాది దాంట్లో? చెట్టు కిందనే పోయినాయి. నడుం కింద ఏముందో లేదో తెలీలా. గిల్లి చూసుకున్నాను గూడా. రాయిని గిల్లినట్టుండె." కొమ్మను మొలకలో దించి ప్లాస్టిక్ పట్టీ చుట్టాడు. "నీ మిషను ఏం చెప్పిందో నాకు తెల్దు. నేను చెప్తా ఉండాను గదా. చెట్టు కిందనే."

అర్పిత పదహారేళ్ళుగా ఎత్తుకుని తిరుగుతున్న మూటను ఎవరో వెనక నుంచి మెల్లగా దించినట్టయింది. రెండింటిలోవాడు, తండ్రి ఆ రెండింటిలోవాడు. ఆమె లేచి పెరట్లోకి వెళ్ళి ముఖం కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. తల్లి తిరిగివచ్చి రాగి ముద్దలు కెలికి ఉలవచారు పోస్తే, చిన్నప్పుడు తిన్నట్టు, చారు మోచేతి దాకా కారుతుంటే తిన్నది. రెండో ముద్ద అడిగింది.

"ఏందే, తమకలో తిండి పెట్టరా నీకు?" అని చిన్నవెంకటమ్మ సంబరపడింది. భర్తకు చారు పోయబోయి, ఆయన పలక చక్రం దగ్గర చీమల బారు చూసి చీపురుతో విదిలించింది. "ఈయప్పకీ చీమలకీ ఏం పగో! ఆ పొద్దు గూడా అంతే. చెట్టు మీది ఎర్రచీమలు ఒంటికంతా పట్టేసినాయి. మంచం మీద ఎత్తుకొస్తా ఉంటే, కాళ్ళు ఇదిలించతాడు, ఇదిలించతాడు, ఆపితే గదా! కాళ్ళ తట్టు మోసేవాడు చిక్కవెంకటప్ప. వాడి మొగం మీద ఫట్‌మని తన్నినాడు చూడు! మూడు దినాలు ఆయప్ప దవడ బూరె మాదిరి వాచి, ముద్ద మింగలేక గంజి తాగినాడు. ఓబలప్పని మోసినందుకు నాకు దక్కిన కూలి ఇదేనా అని ఇప్పటికీ అడగతాడు." ఆమె నవ్వుతూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఏం లాభం! ఈ పాప ఆ పొద్దు రాత్రి ముద్ద చద్దిది తినేసి తొక్కిందంట. పస్తుండి తొక్కుంటే లేచి కూచోకపోవునా."

"సుమ్నే నోరు మూసుకోని ఉండవే," అన్నాడు ఓబలప్ప.

అర్పిత చెయ్యి కంచంలోనే ఉంది. ముద్ద చారులో మెల్లగా కరుగుతోంది. ఆమె తండ్రి వైపు చూడలేదు. తండ్రి ఆమె వైపు చూడలేదు. దూడ అరిచింది. చిన్నవెంకటమ్మ కుడితి బకెట్టు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది.

ఓబలప్పే ముందుగా మాట్లాడాడు.

"నీకు తెలీకుండా పోతాననుకుంటిని."

ఆమె కంచాన్ని పక్కకు జరిపింది.

"ఆస్పత్రిలో ఆ పొద్దే తెలుసు నాకు. తొక్కకముందర కాళ్ళుండె, తొక్కినాక లేవు. దీనికి మిషను కావాల్నా? ఎవరన్నా నీ మొగం మీద అంటారేమో అని పదహారేండ్లు చెట్టు చెట్టు అని అరిచినాను. నువ్వు ఇంజనీరింగ్ అంటే సంతోషపడితిని, బండ్లు చేస్తావనుకుంటిని. ఎన్నెముకలు అంటివి. అప్పుడే అనుకున్నాను, ఇంగ ఒక పొద్దు వస్తావు అని."

"నేనే కదా నాయనా."

"నువ్వు కాదు!" ఆయన గట్టిగా అన్నాడు. ఆ గొంతుకు పెరట్లో కోళ్ళు చెదిరాయి. మళ్ళీ మెల్లగా, "నువ్వు మొదుటిదీ రెండోదీ మెల్లగా పెడితివి. భయపడినావు పాపం. నొప్పి పోలా నాకు. రూలు గీలు మరిచిపోయి నేనే అరిచినాను. ‘ముద్ద తినలేదా పాపా, ఎక్కి నిలబడి తొక్కు’ అంటిని. నీకు గుర్తులేదా?"

గుర్తులేదు. ఒంటి బరువంతా వేసి నిలబడడం గుర్తుంది. ఎందుకు నిలబడిందో గుర్తులేదు. అది తన తొందరే అనుకుని ఇన్నేళ్ళూ గడిపింది.

ఓబలప్ప పట్టీ చుట్టను వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండిపోయాడు. తరువాత, ఆస్పత్రిలో రిపోర్టు అడిగే మనిషిలా, తల వంచుకుని అడిగాడు:

"మూడిట్లో యాదానికి పోయినాయని చెప్పింది, నీ మిషను?"

ఆయన ఏమి అడుగుతున్నాడో ఆమెకు వెంటనే అర్థమైంది. మూడోదని చెబితే, కూతుర్ని ఎక్కి నిలబడమన్న తన నోరే తన కాళ్ళను తీసిందని ఆయన చచ్చేదాకా మోస్తాడు. పట్టికలో ఏడు గడులున్నాయి. ఏడింటిలోనూ ఒకే అంకె ఉంది. ఏ అంకెనూ ఆమె ఏనాడూ ఇష్టానికి మార్చి రాయలేదు.

"మొదుటిదానికే నాయనా."

"మెల్లగా పెట్టినదానికా?"

"మెల్లగా పెట్టినదానికే. అప్పుడే జారిపోయింది ఎముక. తర్వాతవి ఎట్ల పడినా ఒకటే."

ఆయన తల ఎత్తి ఆమె ముఖంలో వెతికాడు. నమ్మడానికి ఎంత ప్రయత్నిస్తున్నాడో కనిపించింది, నమ్మలేకపోతున్నాడనీ కనిపించింది. కూతురు తన కోసం అబద్ధమాడుతోందని గ్రహించిన తండ్రి, తన కోసం తండ్రి ఆడిన అబద్ధాన్ని పూటైనా నిలుపుకోలేకపోయిన కూతురు ఒకరి ముందు ఒకరు కూర్చున్నారు. కాళ్ళు పోయిన రోజున కూడా ఏడవని మనిషి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, పెరటి వైపు వినపడకుండా ఏడ్చాడు. అర్పిత ఆయన భుజం మీద చెయ్యి వేద్దామనుకుంది. ఎంగిలి చెయ్యి ఎండిపోయి ఉంది. వేయలేకపోయింది.

కాసేపటికి ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"మీ అమ్మకి చెప్పాకు. ఆమెకి తెల్దు. నీ ముందర ఎప్పుడూ చెప్పనీలా గానీ, చీమల కత ఎన్ని మాట్లు చెప్పినా కొత్తగా నవ్వతాది. ఆ నవ్వొకటి ఉండనీ."

చిన్నవెంకటమ్మ ఖాళీ బకెట్టుతో లోపలికి వచ్చింది. కంచంలో కరిగిన ముద్దను చూసి, "అడిగి పెట్టించుకుని పారేస్తావేందే?" అని కసిరి, గడప దగ్గర చతికిలబడి, ఆగిన చోటి నుంచే అందుకుంది. "చిక్కవెంకటప్ప పెండ్లాం మన ఇంటి మీదకి జగడానికొచ్చింది తెలుసునా? ‘మీ మొగుడు పడితే మా మొగుడికి పండ్లు కదిలేదేంది’ అని..." దవడ పట్టుకుని, ఆమె నడకను, ఆమె గొంతును చేసి చూపింది.

ఓబలప్ప ముందుగా నవ్వాడు. తల్లి తన వైపు కూడా చూసేసరికి, అర్పిత కూడా నవ్వింది.